పూత, మరమ్మతు, కొత్త కట్టుబడి: చూపులేనివారి కోసం మీ వెబ్‌సైట్‌కు ఏది చేయించాలి?

గుంటూరు బ్రాడీపేటలో ఒక చిన్న గదిలో కూర్చుని పదేళ్లుగా దుకాణాలకు, క్లినిక్‌లకు, కోచింగ్ సెంటర్లకు వెబ్‌సైట్లు చేసి ఇస్తున్నాను. కిందటి వేసవిలో విజయవాడ సత్యనారాయణపురం నుంచి మా పెద్దనాన్న ఫోను చేశారు. "అమ్మాయ్, నువ్వు చేసిన పచ్చళ్ల దుకాణం సైటులో అర కిలో గోంగూర తెప్పించుకుందామంటే కావడం లేదు. ఎక్కడ పొరపాటు చేస్తున్నానో ఒకసారి వచ్చి చూడు" అన్నారు. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. నీటికాసుల జబ్బుతో చూపు దాదాపుగా పోయి ఆరేళ్లయింది. ఫోనులో, తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని వార్తలు వింటారు, కరెంటు బిల్లు కడతారు, మనవలకు పండుగ డబ్బులు పంపుతారు. అన్ని పనులు చక్కబెట్టుకునే మనిషికి నా సైటు దగ్గర దారి దొరకలేదు.

ఆయన పక్కన కూర్చుని ఇయర్‌ఫోను ఒకటి నా చెవిలో పెట్టుకున్నాను. టాక్‌బ్యాక్‌లో వేలిని కుడికి జరిపితే తర్వాతి అంశం పలుకుతుంది, రెండుసార్లు తడితే అది తెరుచుకుంటుంది. మొదట వినిపించినది "ఐఎంజీ 4072, లింకు". అది గోంగూర సీసా ఫోటో. ఆ తర్వాత మూడుసార్లు వరసగా "బటన్" అన్న మాటే వచ్చింది. నచ్చినవి దాచుకునే గుండె గుర్తు, పంచుకునే బాణం గుర్తు, బుట్ట గుర్తు. మూడింట్లో ఏది ఏదో తెలియదు. కారం ఎంత ఉంటుందో చెప్పడానికి నేను ఎంతో ఇష్టంగా గీయించిన మూడు మిరపకాయల బొమ్మలు అసలు వినపడనే లేదు. పావు, అర, కిలో అన్న మాటలు వచ్చాయి. అర మీద ఆయన రెండుసార్లు తట్టారు. ఫోను ఏమీ పలకలేదు. నాకైతే కనిపిస్తోంది, "అర" చుట్టూ ఆకుపచ్చ గీత వచ్చింది. ఆ గీత సంగతి ఆయనకు ఎవరు చెబుతారు? మళ్లీ తట్టారు. గీత పోయింది. పొరపాటు ఆయనది కాదు, నాది.

అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి యజమానితోనూ ఈ సంగతి మాట్లాడుతున్నాను. కాదనేవాళ్లు తక్కువ. "సరే, అయితే ఏం చేయించాలి?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు బజారులో నాలుగు రకాల జవాబులు ఉన్నాయి. సైటు మీద ఒక విడ్జెట్ అతికించడం, ఉన్న సైటును లోపలి నుంచి బాగుచేయడం, మొత్తం తీసేసి కొత్తగా కట్టడం, చూపులేనివారికి విడిగా ఒక దారి పెట్టడం. చిన్న, మధ్య తరహా సైట్లలో చాలావాటికి రెండోదే సరైనదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, ఎప్పుడు కాదో కూడా చెబుతాను.

ఎవరెవరి కోసం

"అంధులు మా సైటుకు వస్తారా?" అని అడిగే యజమానులు మనసులో ఒకే మనిషిని ఊహించుకుంటారు: నల్ల కళ్లద్దాలు, తెల్ల కర్ర. పెద్దనాన్నను తాడిగడపలోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడల్లా అక్కడి హాలులో చుట్టూ చూస్తుంటాను. ఫోనును ముక్కుకు ఆనించుకున్నట్టు పట్టుకుని చదివేవాళ్లు, అక్షరాలను తెర నిండా పెద్దవి చేసుకుని ఒక్కో మాటా వెతుక్కునేవాళ్లు, పక్కవాళ్ల చేత చదివించుకునేవాళ్లు. శుక్లాలు వచ్చినవాళ్లు, మధుమేహంతో రెటీనా దెబ్బతిన్నవాళ్లు, రేచీకటితో చూపు అంచుల నుంచి కుదించుకుపోతున్నవాళ్లు. వీళ్లందరూ మీ ఖాతాదారులే, లేదా మీ ఖాతాదారుల అమ్మానాన్నలు.

ఎంపిక చేసేటప్పుడు ముగ్గురిని గుర్తుపెట్టుకుంటే చాలు. సైటును చెవితో వినేవారు ఒకరు. పెద్దది చేసుకుని కంటితో చదివేవారు ఒకరు. రంగుల తేడా పట్టలేనివారు ఒకరు. ఒకరికి చేసిన సాయం మరొకరికి అందకపోవచ్చు. విడ్జెట్లు అమ్మేవారు దాచేది సరిగ్గా ఈ విషయమే.

పైపూత: విడ్జెట్

సైటు మూలలో చక్రాల కుర్చీ బొమ్మో, మనిషి బొమ్మో ఉన్న గుండ్రటి గుర్తు చూసే ఉంటారు. నొక్కితే అక్షరాలు పెద్దవి చేసే, రంగులు తిరగేసే మీటలు వస్తాయి. ఒక్క వరస కోడ్ అతికిస్తే చాలు, సైటు మొత్తం ప్రమాణాలకు సరిపోతుందని అమ్ముతారు. ఏటా చందా కట్టాలి.

వద్దు. ఇందులో నాకు సందేహం లేదు.

అక్షరాలు పెద్దవి చేయడం ఫోనుకూ బ్రౌజర్‌కూ ముందే వచ్చు. చూపు తక్కువైనవారు తమ ఫోనులో దాన్ని ఎప్పుడో అమర్చుకుని ఉంటారు, అది అన్ని సైట్లకూ పనిచేస్తుంది. మీ సైటు కోసం ప్రత్యేకంగా మరో మీట వెతుక్కోవాల్సిన అవసరం వారికి లేదు. ఇక చెవితో వినేవారికి టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్ ఉండనే ఉంది. తనకు అలవాటైన వేగంతో, తనకు నచ్చిన గొంతుతో అది చదువుతుంది. విడ్జెట్ దాని దారికి అడ్డంపడి మరో గొంతు కలపడమో, మీటలను మార్చడమో చేస్తే ఉన్న అలవాటు కూడా చెడుతుంది. అసలు లోపం కోడ్‌లో ఉంది. మూడో మిరపకాయ అంటే "కారం ఎక్కువ" అని విడ్జెట్‌కు ఎలా తెలుస్తుంది? అది ఊహించి "ఎర్రని కూరగాయ" అని పేరు పెడితే కొనేవారికి ఒరిగేదేమీ లేదు.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. ఇలాంటి విడ్జెట్లు అమ్మే యాక్సెసిబీ అనే సంస్థ, తన ఉత్పత్తి ఏ వెబ్‌సైట్‌నైనా అంతర్జాతీయ ప్రమాణాలకు తగినట్టు మార్చగలదని చెప్పుకున్నది తప్పుదోవ పట్టించే ప్రచారమని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2025లో ఆ సంస్థ 10 లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. అక్కడి అంధుల సంఘాలు అంతకు ముందు నుంచే ఈ పద్ధతిని వ్యతిరేకిస్తున్నాయి.

ఇప్పటికే ఒకటి పెట్టించుకుని ఉంటే, తీసేసి చూడమని చెబుతాను. ఆ చందా డబ్బుతో ఈ కింది పని చాలావరకు అయిపోతుంది.

మరమ్మతు: ఉన్నదాన్ని లోపలి నుంచి బాగుచేయడం

యజమానులు భయపడేది ఇక్కడే. "మా సైటులో మూడు వందల పేజీలున్నాయి, అన్నీ మార్చాలంటే ఎప్పటికవుతుంది?" అంటారు. మూడు వందల పేజీలున్నా అచ్చులు నాలుగైదే ఉంటాయి. పై పట్టీ ఒకటి, సరుకు చూపించే చట్రం ఒకటి, బుట్ట ఒకటి, చిరునామా ఫారం ఒకటి, అడుగు భాగం ఒకటి. అచ్చును సరిచేస్తే దానిలోంచి వచ్చే ప్రతి పేజీ సరవుతుంది. పచ్చళ్ల సైటుకు అచ్చులు బాగుచేయడం నాకు నాలుగు రోజుల పని. ఫోటోలకు వివరాలు రాయడానికి మరో రెండు రోజులు పట్టాయి. అది రాసింది కూడా దుకాణం అమ్మాయే. సరుకు గురించి ఆమెకు తెలిసినంత నాకు తెలియదు.

ఆ వివరాన్నే ఆల్ట్ టెక్స్ట్ అంటారు. "పచ్చడి" అని రాస్తే సరిపోదు. "గోంగూర పచ్చడి, అర కిలో గాజు సీసా, పైన ఎండుమిర్చి పోపు" అని రాస్తే వినేవారికి చూసేవారితో సమానంగా సమాచారం అందుతుంది. అలాగని అలంకారం కోసం పెట్టిన తోరణాల బొమ్మకు, గీతలకు వివరం రాయకూడదు. వాటి ఆల్ట్‌ను ఖాళీగా ఉంచితే స్క్రీన్ రీడర్ దాటిపోతుంది. ఆల్ట్ అన్నదే లేకుండా వదిలేస్తే మాత్రం, లింకుగా ఉన్న బొమ్మల దగ్గర ఫైలు పేరు చదువుతుంది. నా "ఐఎంజీ 4072" అలా వచ్చిందే.

బటన్ల సంగతి ఇంకా సులువు. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో బటన్ అని ఒక అసలు వస్తువు ఉంది, కొన్నిటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి రేడియో బటన్ ఉంది. నాలాంటివాళ్లు అందం కోసం వాటిని వదిలి మామూలు పెట్టెలకు రంగులు వేసి బటన్లలా కనిపించేలా చేస్తాం. కంటికి తేడా తెలియదు. స్క్రీన్ రీడర్‌కు అది ఉత్త పెట్టె. పావు, అర, కిలోలను అసలైన రేడియో బటన్లుగా మార్చగానే, "అర కిలో, ఎంపికైంది, మూడింటిలో రెండోది" అన్న అర్థం వచ్చేలా ఫోను తనంతట తానే చెప్పసాగింది. అందుకోసం నేను విడిగా రాసిందేమీ లేదు. మిరపకాయల పక్కన "కారం: ఎక్కువ" అని మాటల్లో రాశాను. రంగు తేడా పట్టలేనివారికీ అదే పనికొచ్చింది. ఎర్ర మిరపకాయకూ పచ్చ మిరపకాయకూ తేడా తెలియక తికమకపడిన మరో ఖాతాదారు అంతకుముందు ఫోను చేశారట. అప్పుడు దుకాణంలో ఎవరూ పట్టించుకోలేదు.

రంగుల మాట వచ్చింది కాబట్టి గుంటూరువాళ్లకు ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. మిర్చి యార్డు ఉన్న ఊరు, అందరికీ ఎరుపే కావాలి. తెల్లని నేల మీద నిండు ఎరుపు అక్షరాల కాంట్రాస్ట్ నిష్పత్తి, అంటే అక్షరానికీ నేలకూ మధ్య వెలుగు తేడా, సుమారు 4:1. వెబ్ సౌలభ్య ప్రమాణాలు, అంటే డబ్ల్యూసీఏజీ, మామూలు అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలంటాయి. పెద్ద అక్షరాలకు 3:1 చాలు. ఎరుపు మీద పసుపు, మన హోర్డింగులన్నిటికీ అదే జోడీ, 3.7 దగ్గర ఆగిపోతుంది. శీర్షికకు పరవాలేదు, ధరలకూ షరతులకూ పనికిరాదు. ఎరుపును వదులుకోనక్కర్లేదు. కోడ్‌లో దాని విలువను 255 నుంచి 204కు తగ్గిస్తే తెలుపు మీద 5.9కి చేరుతుంది, కంటికి మిరపపండు రంగులాగే ఉంటుంది. బూడిద రంగుతోనూ జాగ్రత్త. కోడ్‌లో #999999 అని రాసే బూడిద తెలుపు మీద 2.85 మాత్రమే. #777777 కూడా 4.48 దగ్గర తప్పిపోతుంది. #767676 అయితే గట్టెక్కుతుంది. అంత చిన్న తేడాతో ఒకటి తప్పి ఒకటి నెగ్గడం చూసి మొదట్లో నాకు విచిత్రంగా అనిపించేది. ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా.

తెలుగు సైట్లకు మాత్రమే వచ్చే కష్టాలు కొన్ని ఉన్నాయి. ఇంగ్లిష్‌లో దొరికే సలహాల్లో ఇవి కనిపించవు కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

పేజీ కోడ్ మొదటి వరసలో భాష ఏమిటో చెప్పే గుర్తు ఒకటి ఉంటుంది. బజారులో దొరికే థీముల్లో, అంటే సిద్ధంగా ఉన్న సైటు నమూనాల్లో, అది ఇంగ్లిష్ అని ఉంటుంది. తెలుగు పేజీకి తెలుగు గుర్తు పెట్టకపోతే స్క్రీన్ రీడర్ ఏ గొంతు ఎత్తుకోవాలో తేల్చుకోలేక తడబడుతుంది. రెండక్షరాలు మార్చే పని. ఏ సైటు నా చేతికి వచ్చినా మొదట అదే చూస్తాను.

రెండోది పాత ఫాంట్ల గొడవ. మన ప్రెస్సుల్లో ఇప్పటికీ కరపత్రాలూ శుభలేఖలూ అను ఫాంట్లలో కూర్చుతారు. ఆ ఫైలులోంచి మాటలు తీసి వెబ్‌సైట్‌లో పెడితే కనిపించేది పిచ్చి గీతలు, ఎందుకంటే లోపల ఉన్నవి తెలుగు అక్షరాల సంకేతాలు కావు. అప్పుడు చాలామంది చేసేది దాన్ని బొమ్మగా మార్చి అతికించడం. కంటికి ముచ్చటగా ఉంటుంది, చెవికి శూన్యం. పెద్దదిగా చేసుకుంటే అంచులు చెదిరి మసకబారుతుంది. దసరా తగ్గింపు ధరల ప్రకటన, కోచింగ్ సెంటర్ టైం టేబుల్, క్లినిక్ వేళలు, మన రెండు ఊళ్లలోనూ సగానికి సగం ఇలాగే ఉంటాయి. యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ తెలుగుగా గుర్తించే సంకేతాల్లోకి, మార్చే పరికరాలు ఉచితంగా దొరుకుతాయి. మార్చాక ఒకసారి తప్పులు దిద్దుకోవాలి, అంతే. బొమ్మ తప్పనిసరిగా కావాలనుకుంటే ఉంచుకోండి, వాట్సాప్‌లో పంచుకోవడానికి అది బాగుంటుంది. దాని కిందే అదే సమాచారం మామూలు అక్షరాల్లో ఉండాలి.

మూడోది మన లిపి స్వభావం. ద, ధల మధ్య తేడా పొట్ట కింద ఒక చిన్న గీత. ప, ఫ, ష, బ, భ కూడా అంతే. ఇంగ్లిష్‌కు సరిపోయే సైజులో, సన్నని ఫాంటులో పెడితే చూపు తక్కువైనవారికి ఇవన్నీ ఒకటైపోతాయి. నేను 18 పిక్సెల్‌లకు తగ్గించను. పంక్తుల మధ్య ఎడం అక్షరం ఎత్తుకు 1.7 రెట్లు ఇస్తాను, ఎందుకంటే పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులతో ఢీకొంటాయి. ఒకసారి నా సైటును 200 శాతానికి పెంచి చూశాను. "ఉత్పత్తులు" అన్న బటన్‌లో వత్తులు రెండూ తెగిపోయి "ఉతతులు" అని కనిపించింది. బటన్ ఎత్తును 40 పిక్సెల్‌లకు బిగించడం వల్ల వచ్చిన తిప్పలు. ఎత్తు బిగించకుండా పైనా కిందా ఖాళీ వదిలితే అక్షరాలతోపాటు బటన్ కూడా పెరుగుతుంది. డబ్ల్యూసీఏజీ అడిగేది కూడా అదే: 200 శాతానికి పెంచినా ఏదీ పోకూడదు, తెగకూడదు.

మిగిలినవి త్వరగా చెబుతాను. శీర్షికలను అక్షరం లావుచేసి కాకుండా శీర్షికలుగానే గుర్తించండి, విని చదివేవారు పేజీలో తిరిగేది వాటి మీదుగానే. ఫారంలో ప్రతి గడికీ శాశ్వతంగా ఉండే పేరు కావాలి, టైపు చేయగానే మాయమయ్యే లేత అక్షరాలు పేరు కావు. తప్పు పడితే గడి ఎర్రబడితే చాలదు, "పిన్‌కోడ్‌లో ఆరు అంకెలుండాలి" అని మాటల్లో చెప్పాలి. తనంతట తాను కదిలే బొమ్మల వరస 5 సెకన్లు దాటితే ఆపే వీలుండాలి. నన్నడిగితే అసలు తీసేయండి. కీబోర్డులో ట్యాబ్ నొక్కినప్పుడు ఎక్కడున్నామో చూపించే గీతను "అందంగా లేదు" అని తీసేసేవాళ్లున్నారు, అది తీయకండి.

కొత్త కట్టుబడి ఎప్పుడు?

మొత్తం బొమ్మలతోనే కట్టిన సైటయితే, లేదా చేసినవాళ్లు దొరకక కోడ్ చేతిలో లేకపోతే, లేదా ఎలాగూ ఈ ఏడు కొత్త సైటు చేయించుకోవాలనుకుంటుంటే, మరమ్మతు దండగ. కొత్తగా కట్టించండి. ఒక మాట ముందే రాయించుకోండి: డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం, ఏఏ స్థాయి. 2023 అక్టోబరులో వచ్చిన కూర్పు అది. ఏ, ఏఏ, ఏఏఏ అని మూడు స్థాయులుంటాయి. మొదటిది మరీ కనీసం, మూడోది ప్రతి పేజీకీ సాధ్యపడదు, అందరూ గురిపెట్టేది నడిమిదే.

సైట్లు కట్టే పరికరమైన వర్డ్‌ప్రెస్ మీద కట్టేటట్టయితే థీముల జాబితాలో సౌలభ్యానికి సిద్ధమన్న గుర్తున్నవి విడిగా వెతకవచ్చు. అది మంచి పునాది. కానీ పునాది మీద ఎగిరి వచ్చే ప్రకటనల పెట్టె, బొమ్మల స్లైడర్ అంటూ నాలుగు ప్లగిన్లు, అంటే అదనపు హంగులు, పేరిస్తే అంతా మొదటికొస్తుంది. నెల చందాకు దుకాణం ఇచ్చే సంస్థల దగ్గరైతే బుట్ట, చెల్లింపు పేజీలు వారి చేతిలోనే ఉంటాయి. అవి బాగుంటే మీ అదృష్టం, బాగుండకపోతే మీరు మార్చలేరు. అందుకే డబ్బు కట్టక ముందే వారి నమూనా దుకాణంలో చివరి మెట్టు దాకా టాక్‌బ్యాక్‌తో వెళ్లి చూడాలి. సొంతంగా రాయించుకుంటే అన్నీ మీ చేతిలో ఉంటాయి, ఖర్చూ ఎక్కువే.

డెవలపర్ ఎవరైనా సరే, పని అప్పగించే ముందు నేనైతే ఒక్క పరీక్ష పెడతాను. "మీరు ఇంతకుముందు చేసిన సైటు ఒకటి తెరిచి, టాక్‌బ్యాక్ పెట్టి, ఫోను తెరను కప్పేసి, ఒక వస్తువు కొని చూపించండి." చేయగలిగినవాళ్లకు ఇవ్వండి. నేర్చుకుని వస్తానన్నవాళ్లకూ ఇవ్వండి. "మా సైట్లన్నీ అందరికీ పనిచేస్తాయండీ" అని మాట దాటేసేవాళ్లకు వద్దు.

విడిగా ఒక దారి

అక్షరాలు మాత్రమే ఉండే మరో సైటు పెట్టడం పాత ఆలోచన. పచ్చళ్ల ధర అసలు సైటులో మారుతుంది, ఆ పక్క సైటులో పాత ధరే ఉండిపోతుంది. ఆరు నెలల్లో దాన్ని అందరూ మరిచిపోతారు. వద్దు.

ఫోను నంబరు, వాట్సాప్ సంగతి వేరు. మరమ్మతు జరిగేలోగా పేజీ పైనే నంబరును మామూలు అక్షరాల్లో, తాకితే కాల్ వెళ్లేలా పెట్టండి. అది ఈ రోజే చేయగలిగిన మేలు. పచ్చళ్ల దుకాణానికి అది కొంతకాలం సరిపోతుంది. రక్తపరీక్షల ల్యాబుకు సరిపోదు. విజయవాడలో ఒక ల్యాబు పెద్దనాన్నకు రిపోర్టును స్కాన్ చేసిన పీడీఎఫ్‌గా పంపేది. షుగరు ఎంతుందో తెలుసుకోవాలంటే ఆయన పక్కింటి కుర్రాడిని పిలవాలి. జీవితమంతా ఇతరుల పేపర్లు దిద్దిన మనిషి తన ఒంటి సంగతి పదిహేడేళ్ల పిల్లవాడి నోట వినాల్సి వచ్చేది. ఫోను చేస్తే చదివి వినిపిస్తామని ల్యాబువాళ్లు మర్యాదగానే అన్నారు. ఆయనకు కావాల్సింది ఎవరూ వినిపించకుండా తానే తెలుసుకోవడం. రిపోర్టు కంప్యూటర్‌లోనే తయారవుతుంది. దాన్ని ప్రింటు తీసి, సంతకం పెట్టి, మళ్లీ స్కాన్ చేయడం వల్లే అక్షరాలు బొమ్మగా మారుతున్నాయి. నేరుగా పీడీఎఫ్‌గా దాచి పంపితే చాలావరకు చదవగలుగుతుంది. విలువల పట్టికను వెబ్ పేజీగానే ఇస్తే ఇంకా మేలు. పేజీకి, మంచి పీడీఎఫ్‌కు, స్కాన్‌కు నేను ఇచ్చే వరస అదే.

ఓటీపీ దగ్గర కూడా ఒక చిన్న ఎంపిక ఉంది. ఆరు అంకెలకు ఆరు చిన్న గడులు పెట్టడం ఇప్పుడు వాడుక. వినేవారికి అది పేరులేని ఆరు పెట్టెల వరస. ఒక అంకె తప్పితే ఎక్కడ తప్పిందో తెలియదు, ఈలోగా గడువు అయిపోతుంది. ఒకే గడి పెట్టండి, అతికించుకోనివ్వండి, గడువు పొడిగించుకునే వీలివ్వండి. వంకరటింకర అక్షరాలు చూసి టైపు చేయమనే కాప్చా అయితే ఎవరి సైటులోనూ ఉండకూడదు.

చట్టం సంగతి అడిగేవారికి

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. సేవలందించేవారు ప్రభుత్వమైనా ప్రైవేటైనా సౌలభ్య నియమాలు పాటించాలని దాని 46వ సెక్షన్ చెబుతుంది. బ్యాంకు ఖాతాల కేవైసీ ప్రక్రియలో కంటి చూపు లేనివారు, యాసిడ్ దాడి బాధితులు పడుతున్న కష్టాల మీద వచ్చిన కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న స్పష్టం చేసింది. జరిమానా భయంతోనైనా చేయించేవాళ్లు చేయించనివ్వండి. చేయించడమే కావాలి.

బాగుపడిందో లేదో చూడటానికి

తప్పులు వెతికే పరికరాల్లో లైట్‌హౌస్ క్రోమ్ బ్రౌజర్‌లోనే ఉంది. వేవ్, యాక్స్ ఉచితంగా దొరుకుతాయి. నొక్కితే నిమిషంలో తప్పుల జాబితా ఇస్తాయి. ఈ మూడింట్లో మొదటిసారి చూసేవారికి వేవ్ మంచిది, తప్పు పేజీలో ఎక్కడుందో గుర్తు పెట్టి చూపిస్తుంది. కోడ్ రాసేవారికి యాక్స్ నప్పుతుంది. వేవ్‌ను తయారుచేసిన వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా 10 లక్షల సైట్ల మొదటి పేజీలను పరిశీలిస్తుంది. 2024లో 95.9 శాతం పేజీల్లో యంత్రం పట్టగలిగిన తప్పులే కనిపించాయి, అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది సరిపోని కాంట్రాస్ట్. కాబట్టి మీ సైటులో తప్పులు బయటపడితే సిగ్గుపడాల్సిన పని లేదు.

అయితే యంత్రం ఇచ్చిన 100 మార్కులు చూసి ఆగిపోకండి. ఆల్ట్‌లో "ఫోటో" అని తెలుగులో రాసినా అది ఒప్పుకుంటుంది. ఆ మాట పనికొస్తుందో లేదో దానికి తెలియదు. తర్వాతి మెట్టు మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్ మీటతోనే కొనుగోలు పూర్తిచేయడం. ఆ తర్వాత స్క్రీన్ రీడర్. కంప్యూటర్‌లో పరీక్షించడానికి ఎన్‌వీడీఏ ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో అంధుడైన మైకేల్ కర్రన్ మొదలుపెట్టినది, తెలుగు కూడా చదువుతుంది. జాస్ అనే మరో స్క్రీన్ రీడర్‌కు డబ్బు కట్టాలి, చిన్న దుకాణాల పరీక్షకు అవసరం లేదు. అయితే మన దగ్గర జనం చేతుల్లో ఎక్కువగా ఉన్నది ఆండ్రాయిడ్ ఫోను. ఒక్కటే పరీక్షించే తీరిక ఉంటే టాక్‌బ్యాక్‌తోనే చేయండి. చాలా ఫోన్లలో శబ్దం పెంచే, తగ్గించే మీటలు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే మొదలవుతుంది. మొదటి పావుగంట చిరాకు పుడుతుంది. అలవాటు లేనందువల్ల పుట్టే చిరాకు ఏది, సైటు లోపం వల్ల పుట్టేది ఏది అని మీకు మీరుగా తేల్చుకోలేరు. అందుకే చివరి పరీక్ష రోజూ స్క్రీన్ రీడర్ వాడేవారి చేతనే చేయించాలి. వారి సమయానికి డబ్బు ఇవ్వాలి. ఇంకెవరి దగ్గరా లేని నైపుణ్యం అది, సాయం అని తీసుకోకూడదు.

పెద్దనాన్న మొదట డబ్బు వద్దన్నారు. పరీక్ష కాబట్టి ఫీజు ఉంటుందని దుకాణం యజమాని పట్టుబట్టారు. మరమ్మతు అయ్యాక వరండాలో కూర్చుని, నన్ను దగ్గరికి రానివ్వకుండా, అర కిలో గోంగూరకు ఆర్డరు మొదలుపెట్టారు. సరుకు, బరువు, బుట్ట, చిరునామా, అన్నీ ఆగకుండా సాగాయి. డెలివరీ తేదీ దగ్గర ఆయన వేలు ఆగింది. నెల మొత్తం చూపించే క్యాలెండరు అది. నేటి తేదీ దాకా గడిచిపోయిన రోజులన్నీ ఒక్కొక్కటే చదువుకుంటూ వస్తోంది. "రేపు, ఎల్లుండి, ఆవలెల్లుండి అని మూడు మాటలు పెట్టవచ్చు కదమ్మా, నెలంతా ఎందుకు?" అన్నారు. ఆ సాయంత్రమే క్యాలెండరు తీసేసి మూడు రేడియో బటన్లు పెట్టాను. పచ్చడి ఎల్లుండి వచ్చింది.